మాడా, కమురా, నీచా

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పుట్టింట్లో అనేవాళ్ళు, అత్తింట్లోనూ అన్నారు. రెండిళ్ళవాళ్ళూ ఒక్క మాట మీద నిలబడింది ఈ ఒక్క విషయంలోనే. మా ఆయనకు మాత్రం కోపమనేదే తెలియదు. ఆయన ముక్కు మీద ఉన్నది కోపం కాదు, మా బతుకుదెరువు.

మా ఆయన వంటింటి సామాను బాగుచేస్తారు. మిక్సీలు, ఓవెన్లు, ఫ్రిజ్‌లు, నీళ్ళు కాచే కెటిల్‌లు, ఏదైనా సరే. బజారు చివర చెప్పులు కుట్టే కొట్టుకూ ఫొటో స్టూడియోకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా కొట్టు. ఊళ్ళో ఆయన్ని ముక్కు మేస్త్రీ అంటారు. ముక్కు పెద్దదని కాదు. అది మామూలు ముక్కే, పెళ్ళికి ముందు నేను బాగానే చూసుకున్నాను. ఎవరైనా పాడైన మిక్సీ తెచ్చి బల్ల మీద పెడితే ఆయన ముందుగా స్క్రూడ్రైవర్ తీయరు. నడుం వంచి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు గాలి పీలుస్తారు. "మోటారులో తీగచుట్ట కాలిందమ్మా" అంటారు. లేదంటే, "భయపడకండి, అడుగున రబ్బరు అరిగి రాసుకుంటోంది" అంటారు. విప్పి చూస్తే అక్షరాలా అదే. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఆ ముక్కు పేరు చెప్పుకుని మా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆయనకు పడనిదల్లా ఒక్కటే. ఏ వాసన వచ్చినా "కాలిన వాసన" అని ఊరుకుంటే ఒప్పుకోరు. "కాలిన వాసన అంటే ఏమిటండీ? మాడా, కమురా?" అని నిలదీస్తారు. తిండి అడుగంటితే మాడు. వెంట్రుకో, నూనో అంటుకుంటే కమురు. రబ్బరుది ఒకటి, వైరు మీది ప్లాస్టిక్‌ది ఇంకొకటి. పెళ్ళైన కొత్తలో నేను ఒకసారి "ఏదో కాలుతోందండీ" అని కేకేస్తే, "ఏదో అంటే కాదు, ఏ వాసనో పేరు చెప్పు" అన్నారు. వంటింటి నిండా పొగ, ఈయనకు పేరు కావాలి. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను.

కిందటి చలికాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం దిగలేదు. తర్వాత జ్వరం తగ్గింది, లేచారు, కొట్టుకు వెళ్ళారు. గండం గడిచిందనుకున్నాను. ఒకరోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, "కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళాను. మాడు వాసన పెరటిదాకా వచ్చింది. పరుగెత్తుకొచ్చి చూద్దును కదా, పాలు పొంగి, ఇంకి, గిన్నె నల్లగా మాడిపోతోంది. ఆయన పొయ్యికి మూరెడు దూరంలో, దానికి వీపు పెట్టి నిలబడి పేపరు చదువుకుంటున్నారు.

దులిపేద్దామని నోరు తెరిచాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. గిన్నెను చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆ కళ్ళలో భయం కనిపించింది. "పేపర్లో పడి చూసుకోలేదు" అన్నారు. "సరేలెండి" అన్నాను. గిన్నె మాడగొట్టినవాళ్ళను నేను సరేలెండి అని వదిలేయడం ఎంత వింతో ఆయనకూ తెలుసు. ఇద్దరికీ అర్థమైంది. ఇద్దరం పైకి అనుకోలేదు.

ఆ వారంలోనే దర్జీగారు మిక్సీ తెచ్చారు. ఈయన అలవాటు ప్రకారం వంగారు, కళ్ళు మూసుకున్నారు, పీల్చారు. "లోపల దుమ్ము వేడెక్కింది, అంతే" అని తుడిచి ఇచ్చేశారు. మర్నాడు అందులోంచి మంట లేచింది. దర్జీగారు పక్కనే ఉన్నారు గనక ప్లగ్గు లాగేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దమనిషి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. మా ఆయన మాత్రం రెండు పూటలు భోజనం ముట్టలేదు.

మూడో రోజు ఎవరో ఇంటికి రమ్మంటే నేను కూడా చెప్పులు వేసుకున్నాను. "మీకు నడుం నొప్పి కదా, పనిముట్ల సంచి నేను మోస్తాను" అన్నాను. ఆయనకు నడుం నొప్పి ఎప్పుడూ లేదు. కాసేపు నా వైపు చూసి, "అవును, ఈ మధ్య కాస్త లాగుతోంది" అన్నారు. ఆ ఇంట్లో ఆయన మిక్సీ మీదికి వంగి గాలి పీలుస్తుంటే నేను పక్కన నిలబడి, నాలో నేను గొణుక్కున్నట్టుగా, "అబ్బ, రబ్బరు కాలినట్టుంది" అన్నాను. ఒక నిమిషం ఆగి ఆయన, "రబ్బరమ్మా" అన్నారు. అదీ మొదలు. ఆరు నెలలు అలాగే నెట్టుకొచ్చాం. ఇంటికొచ్చాక ఆ ఊసు ఎత్తేవాళ్ళమే కాదు. ఎత్తితే ఏమవుతుందో అని ఆయనకు భయం, ఆయన భయం చూస్తే నాకు భయం.

అయినా నా ముక్కు వంటింటి ముక్కు. ఆయనది ముప్పై ఏళ్ళుగా పనిలో పండిన ముక్కు. ఎక్కడ పోలిక. రెండుసార్లు తప్పు చెప్పాను, ఆయన విప్పి చూసి సర్దుకున్నారు. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, "ఇంకొక్క ఇంట్లో తప్పు చెప్పానంటే కొట్టు మూసేస్తాను. ఎవరి ఇల్లో అంటుకునేదాకా ఆగలేను" అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు. కొట్టు మూసి ఈ మనిషి ఏం చేస్తారు? ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే నెల తిరిగేసరికి మనిషి మిగలరు. అదే పనిగా కప్పులు కడిగాను.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ ఫోన్ చేసింది. బడిలో లెక్కలు చెబుతుంది, మా కొట్టుకు పాత ఖాతాదారు.

"మేస్త్రీగారూ, ఓవెన్ పెడితే కాలిన వాసన వస్తోంది. మూడు రోజులైంది."

"మాడా అమ్మా, కమురా?"

ఆవిడ ఒక్క క్షణం తడబడింది. "మాడేనండీ. మాడు వాసనే. ఈ రోజే వచ్చి చూడండి. రేపు నేను బడికి పోతే అత్తయ్యగారు ఒక్కరే ఉంటారు. ఆవిడ మంచం దిగలేరు. మధ్యాహ్నం ఆయా వచ్చి ఆ ఓవెన్‌లోనే వేడిచేసి పెట్టి వెళ్ళిపోతుంది. నాకు గుబులుగా ఉంది."

మంచం దిగలేని మనిషి అనగానే మా ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. నేను సంచి అందుకున్నాను. అందుకుంటూనే తుమ్మాను. ఒకటి కాదు, వరసగా ఆరు. తెల్లారినప్పటి నుంచీ ముక్కు దిబ్బడ. ఆవిరి పట్టాను, ముక్కు చీదాను, ఏమీ లాభం లేకపోయింది. కాఫీ వాసన కూడా తెలియడం లేదు.

"జలుబు చేసినట్టుంది. ఇంట్లో ఉండరాదూ" అన్నారు ఆయన, గోడ వైపు చూస్తూ.

"సంచి ఎవరు మోస్తారు?"

"అదీ నిజమే" అన్నారు.

వాసన కనిపెట్టడానికి బయలుదేరిన ఇద్దరికీ కలిపి ఒక ముక్కు కూడా లేదు. దారి పొడుగునా ఇద్దరమూ ఆ మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

టీచరమ్మ వంటిల్లు చిన్నది. తెల్ల పలకల గోడ, కిటికీ కింద సింకు, గట్టు మీద ఓవెన్. ఆ ఓవెన్ ఎంత శుభ్రంగా ఉందంటే కొత్తదానికి కూడా ఆ మెరుపు ఉండదు. ఇప్పటికి ఐదుసార్లు కడిగానని ఆవిడే చెప్పింది. ఆవిడ వేళ్ళ చివర్లు సబ్బుకు నాని ముడతలు పడి ఉన్నాయి. మా ఆయన ఓవెన్ వేసి, వంగి, కళ్ళు మూసుకుని, గాలి పీల్చారు. తర్వాత నా వైపు చెవి పెట్టి ఆగారు. నేనేం గొణగను? తుమ్మాను.

"ఇప్పుడు వస్తోందా అమ్మా?" అని అడిగారు టీచరమ్మను.

"నాకు సబ్బు వాసన తప్ప ఇంకేమీ తెలియడం లేదండీ. మీ ముక్కుకు తెలుస్తుందని కదా పిలిచింది" అందావిడ.

ఆయన మెడ మీద చెమట పట్టడం నాకు కనిపించింది. ఓవెన్ ఆపి, చల్లార్చి, వెనక రేకు విప్పారు. వేడెక్కే కడ్డీలు బాగున్నాయి. లోపలి ఫ్యాను బాగుంది. వైరు ఒక్కటీ రంగు మారలేదు. ప్లగ్గు పుల్లలు తళతళలాడుతున్నాయి. గోడ సాకెట్ మీద చెయ్యి పెట్టి చూశారు, అది కూడా చల్లగానే ఉంది. మళ్ళీ బిగించి, పూర్తి వేడి మీద పావుగంట నడిపించారు. ఏమీ కనిపించలేదు.

"ఓవెన్‌లో లోపం లేదమ్మా. కడిగిన సబ్బు ఎక్కడో మిగిలి మాడుతుండవచ్చు. వాడుకోండి" అన్నారు.

ఆ గొంతు నాకు తెలుసు. దర్జీగారికి మిక్సీ ఇచ్చేటప్పుడు అచ్చం ఇదే గొంతు. వద్దండీ, ఇంకోసారి చూడండి అని అరవాలనిపించింది. అరిచి ఏం చూడమని చెప్పను? ఆయన పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో పెడుతున్నారు. అంత నిదానంగా ఆయన సర్దడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికెళ్ళగానే కొట్టు తాళంచెవి నా చేతికిస్తారని నాకు తెలిసిపోయింది.

అప్పుడు పక్కగదిలోంచి ముసలావిడ గొంతు వినిపించింది.

"మళ్ళీ మొదలైంది నీచు కంపు. ఎవరైనా ఆ కిటికీ తెరిచి పుణ్యం కట్టుకోండి."

టీచరమ్మ మొహం కందిపోయింది. గొంతు తగ్గించి, "అత్తయ్యగారి మాట పట్టించుకోకండి. బుధవారం ఓవెన్‌లో చేప చేశాను. గురువారం నుంచి ఇదే పాట. నీచు, నీచు, నీచు. ఎంత కడిగినా నీచే" అంది.

నాకు ఆవిడ మీద జాలేసింది. అత్తగారు నీచు అంటే అది వాసన పేరు కాదు, కోడలి పేరు. ఆ మాట ఎలా గుచ్చుకుంటుందో కోడరికం చేసినదాన్ని, నాకు తెలియదా. "మా అత్తగారూ అంతేనమ్మా" అని ఓదార్చబోయాను.

మా ఆయన చేతిలో స్పానర్ సంచికి సగం దూరంలో ఆగిపోయింది.

"ఏమన్నారు? నీచా?"

"అబ్బే, ఆవిడ ఏదో..."

"మీరు మాడు అన్నారు కదమ్మా ఫోన్లో."

టీచరమ్మ తలదించుకుంది. "మరేమని చెప్పమంటారు? మా ఇంట్లో నీచు వాసన వస్తోంది, వచ్చి చూడండి అని మెకానిక్‌ను పిలుస్తారా ఎవరైనా? వంటిల్లు కడుక్కోవడం రాదనుకోరూ. అందుకని మాడు అన్నాను."

ఆయన మిగతాది వినలేదు. పక్కగదిలోకి వెళ్ళిపోయారు. మేమిద్దరం వెనకాలే వెళ్ళాం.

గది ఇరుకు. ఒక కిటికీ, ఒక బీరువా, ఒక మంచం. మంచం తలవైపు చెక్క వంటింటి గోడకు ఆనుకుని ఉంది. ఆ దిండ్ల మీద చిక్కి సగమైన ముసలావిడ, కళ్ళు మాత్రం మహా చురుకు. మా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"అమ్మా, ఆ నీచు వాసన ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"నీకు రావడం లేదా నాయనా? ముక్కు మేస్త్రీవంట కదా."

నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన వీపు నాకు కనిపిస్తోంది. ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి దాటేస్తారనుకున్నాను.

"నాకు వాసన తెలియదమ్మా" అన్నారు. "జ్వరమొచ్చి పోయింది. ఆరు నెలలైంది. మీరే చెప్పాలి."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జలుబు కదా అని తుడుచుకున్నాను. కట్టుకున్నదాన్ని, ఆరు నెలలు పక్కన నిలబడినదాన్ని, నాకు చెప్పని మాట అది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

ముసలావిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "ముక్కు పోతే పోనీ, చెవులున్నాయి కదా. ఈ ఇంట్లో చెవులున్నవాళ్ళకే కరువు" అని కోడలి వైపు ఒక చూపు విసిరి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున రాదు. అక్కడ ఓవెన్ టిక్కుమన్నాక కాసేపటికి వస్తుంది. ఆపాక కాసేపు ఉండి పోతుంది. వంటింటి వైపు నుంచి కాదు, తన తల దగ్గర నుంచే వస్తుంది.

ఆయన నన్ను వంటింట్లోకి పంపారు. "నీ ఇష్టమొచ్చినప్పుడు ఆపు, ఇష్టమొచ్చినప్పుడు వెయ్యి. మాకు చెప్పకు" అన్నారు. ఆ టిక్కు చప్పుడు వినపడకుండా నడవా తలుపు మూసేశారు. నేను ఓవెన్ ఆపాను. పది నిమిషాలకు తలుపు వెనక నుంచి ముసలావిడ గొంతు వినిపించింది, "తగ్గింది." వేశాను. కాసేపటికి, "ఇదిగో, వస్తోంది." మళ్ళీ ఆపి, మళ్ళీ వేశాను. రెండోసారీ ఒక్కటీ తప్పలేదు.

నేను గదిలోకి వచ్చేసరికి ఆయన మంచం చెక్కకూ గోడకూ మధ్య చెయ్యి దూర్చి ఉన్నారు. "వేడి" అన్నారు. "మెయిన్ ఆపండి." టీచరమ్మ పరుగెత్తి ఇంటికంతటికీ కరెంటు ఆపింది. ముగ్గురం కలిసి ముసలావిడతో సహా మంచాన్ని ఇవతలికి లాగాం.

గోడలో అరచేయంత పెట్టె, దాని మీద రంగు వేసిన మూత. మూత మధ్యలో గోధుమరంగు మచ్చ. ఎదురుగా మంచం చెక్క మీద కూడా అదే మచ్చ, కాస్త నల్లగా. ఆయన మూత విప్పారు. లోపల ఓవెన్ కోసం తర్వాత లాగిన వైరును పాత వైరుకు కలిపిన చోట నల్ల ప్లాస్టిక్ కరిగి, ముద్దై, వైర్లు బయటపడి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో బిగించీ బిగించకుండా వదిలేసిన అతుకు. బుధవారం చేప కోసం ఓవెన్ గంటన్నర నడిచేసరికి అది కాలడం మొదలైంది.

"ఈ రకం ప్లాస్టిక్ వేడెక్కితే అచ్చం చేప నీచే కొడుతుంది" అన్నారు ఆయన. "ముక్కు బాగున్న రోజుల్లో రెండుసార్లు చూశాను. నీచు అన్న మాట ఒక్కటి మొదటే చెవిన పడి ఉంటే ఓవెన్ జోలికే పోయేవాణ్ణి కాదు."

ముసలావిడ దిండుకూ ఆ మచ్చకూ మధ్య జానెడు దూరం లేదు. టీచరమ్మ ఆ జానెడు చూసింది, మంచం అంచున కూలబడింది, అత్తగారి చెయ్యి పట్టుకుని భోరుమంది. "మీరు నన్నే అంటున్నారనుకున్నాను అత్తయ్యా. మూడు రోజులుగా ఓవెన్ కడుగుతూ కూర్చున్నాను."

"నిన్ను అనాలంటే నీ మొహం మీదే అంటాను గానీ నీచు మీద పెట్టి ఎందుకంటానే" అంది ఆవిడ. "చేప బాగానే ఉంది. ఉప్పే కాస్త తక్కువ."

టీచరమ్మ ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను, వెంటనే తుమ్మాను. మా ఆయన కాలిన ముక్కలు కత్తిరించి, కొత్త అతుకు వేసి, గట్టిగా బిగించారు. ఓవెన్ వేసి అరగంట నడిపించారు. ఆ అరగంటా ఆయన ఎవరినీ చూడలేదు, ముసలావిడ మొహం ఒక్కటే చూశారు. "ఏమీ లేదు నాయనా. హాయిగా ఉంది" అందావిడ చివరికి.

ఇంటికి వస్తుంటే దారిలో అడిగేశాను. "ఆరు నెలలు నా దగ్గర దాచారు. ఆవిడకు అర నిమిషంలో చెప్పేశారు."

"నీకు తెలుసు కదే" అన్నారు.

"తెలిస్తే? మీరు చెప్పాలా వద్దా?"

"నీకు చెబితే నిజమైపోతుందనిపించింది" అన్నారు. నేను సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

నాకు ఇంకో దిగులు పట్టుకుంది. ఆ ముసలావిడ మంచం దిగకపోయినా ఆవిడ మాట ఊరంతా తిరుగుతుంది. చూడవచ్చిన ప్రతివాళ్ళకూ, ముక్కు మేస్త్రీకి వాసన తెలియదట అని చెబుతోందని రెండో రోజుకే తెలిసింది. ఆ రెండు రోజులూ కొట్టుకు ఒక్క ఫోన్ రాలేదు. మూడో రోజు మోగింది. దర్జీగారు.

"మేస్త్రీగారూ, మీకు వాసన తెలియదట కదా. అందుకని నేనే ఒకటికి నాలుగుసార్లు చూసి చెబుతున్నాను. కమురండీ. మాడు కాదు. చేతి మిక్సర్ వేసిన రెండు నిమిషాలకు, ఎడమవైపు నుంచి."

"కమురు. ఎడమవైపు" అని మా ఆయన రాసుకున్నారు. విప్పి చూస్తే ఇరుసుకు తల వెంట్రుకలు గుత్తిగా చుట్టుకుని ఉన్నాయి. అప్పటి నుంచి అందరికీ అదే అలవాటైంది. ఇంటిల్లిపాదీ వాసన చూసి, వాదించుకుని, ఏది మాడో ఏది కమురో తేల్చుకుని మరీ ఫోన్ చేస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆయన అడిగినా చెప్పనివాళ్ళు ఇప్పుడు అడగకుండానే పేరు చెబుతున్నారు. కొట్టు మూసే మాట మళ్ళీ రాలేదు. సంచి ఇప్పటికీ నేనే మోస్తున్నాను. అలవాటైపోయింది.

నిన్న పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆయన వంటింట్లోంచి కేకేశారు. "ఏమే, ఒకసారి ఇటు రా. పాలు పెట్టావు కదా, ఏమైనా మాడుతోందేమో కాస్త వాసన చూసి చెప్పు."

తడి బట్టలు వదిలేసి వెళ్ళాను. పొయ్యి దగ్గర వంగి రెండుసార్లు గాలి పీల్చాను. పాలు ఇంకా సరిగ్గా వేడెక్కనే లేదు.

"ఏమీ లేదండీ" అన్నాను.

"మంచిది" అని ఆయన మళ్ళీ పేపరు తీసుకున్నారు.